బయోమెడికల్ సీటుకు ఎంత పెట్టొచ్చు? మొదటి జీతం నుంచి వెనక్కి లెక్క

ప్రశ్న: మా అమ్మాయి ఎంపీసీతో ఇంటర్ పూర్తి చేసింది. తెలంగాణ ఎప్‌సెట్‌లో 38 వేల ర్యాంకు వచ్చింది. మేం బీసీలం. మావారు ఎరువుల దుకాణంలో గుమాస్తా, నేను ఇంటి దగ్గరే బట్టలు కుడతాను. కరోనా సమయంలో వాళ్ల తాతయ్యను వెంటిలేటర్ మీద చూసినప్పటి నుంచీ అమ్మాయికి ఆ మిషన్ల మీదే ధ్యాస. బయోమెడికల్ ఇంజినీరింగే చదువుతానంటోంది. మా ముందు మూడు దారులున్నాయి. హైదరాబాద్ శివారులో కన్వీనర్ కోటా బయోమెడికల్ సీటు వచ్చేలా ఉంది, ఫీజు ఏడాదికి 1,20,000. తమిళనాడులో ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు మేనేజ్‌మెంట్ సీటు ఇస్తామంటున్నారు, ఫీజు 3 లక్షలు, హాస్టల్ లక్షన్నర. ఇంటి నుంచి బస్సులో వెళ్లొచ్చే కాలేజీలో ఈసీఈ వస్తుంది, ఫీజు 55 వేలు. మా దగ్గర 4 లక్షల చీటీ ఉంది. తమిళనాడు సీటైతే అర ఎకరం అమ్మితే వచ్చే 8 లక్షలకు తోడు 12 లక్షల లోను తీసుకోవాలి. ఆసుపత్రుల్లో ఈ చదువుకు 18 వేలే ఇస్తున్నారని మా తమ్ముడంటున్నాడు. అమెరికాలో లక్ష డాలర్లని యూనివర్సిటీ వాళ్లంటున్నారు. ఏది నమ్మాలి?
- ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, పొలం అమ్మొద్దు. తమిళనాడు సీటు సంగతి ఇంతటితో వదిలేయండి. ఎందుకో లెక్కతో చెబుతాం. ఆ లెక్క ఒకసారి చేతికొస్తే మిగతా రెండింటిలో ఏది తీసుకోవాలో మీకే తెలుస్తుంది.

ముందు లోను సంగతి. 12 లక్షలను ఏడాదికి 3 లక్షల చొప్పున బ్యాంకు విడుదల చేస్తుంది. చదివే నాలుగేళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది కిస్తీ అడగరు. అడగరని వడ్డీ ఆగదు. వడ్డీ 10.5 శాతం అనుకుందాం. మొదటి 3 లక్షల మీద ఐదేళ్లు, రెండో దాని మీద నాలుగేళ్లు, మూడో దాని మీద మూడేళ్లు, చివరి దాని మీద రెండేళ్లు పడుతుంది. మామూలు వడ్డీ వేసినా 4 లక్షల 41 వేలు అవుతుంది. అంటే కిస్తీలు మొదలయ్యే నాటికి అప్పు 16 లక్షల 41 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 22,100. పదిహేనేళ్లు పెట్టుకున్నా 18,100 దాటుతుంది. మీ తమ్ముడు చెప్పిన 18 వేల జీతం మొత్తం కిస్తీకే పోతుంది, అమ్మాయి తిండికీ గది అద్దెకూ మళ్లీ మీరే పంపాలి. పైగా ఏడున్నర లక్షలు దాటిన లోనుకు బ్యాంకులు మామూలుగా ఆస్తి తనఖా అడుగుతాయి, అంటే మీకు మిగిలిన ఆస్తి కాగితాలు కూడా బ్యాంకులోకి వెళతాయి. కేంద్రం 2024లో తెచ్చిన పీఎం విద్యాలక్ష్మి కింద తనఖా లేకుండా ఇస్తారు గానీ, ఎంపిక చేసిన సంస్థల్లో మెరిట్ మీద వచ్చిన సీట్లకే. మేనేజ్‌మెంట్ సీటుకు అది వర్తించదు.

ఇప్పుడు హైదరాబాద్ సీటు. ఫీజు నాలుగేళ్లకు 4 లక్షల 80 వేలు. హాస్టలు, మెస్సు కలిపి ఏడాదికి లక్షా 10 వేలు వేసుకుంటే 4 లక్షల 40 వేలు. ల్యాప్‌టాప్ 55 వేలు. పరీక్ష ఫీజులు, రికార్డులు, ప్రాజెక్టు సామాను, పండగలకు రానుపోను ఛార్జీలు, అన్నీ కలిపి ఏడాదికి 25 వేలకు తగ్గవు, అది లక్ష. మొత్తం 10 లక్షల 75 వేలు. ర్యాంకు 10 వేల లోపు ఉంటే బీసీలకు ప్రభుత్వ రీయింబర్స్‌మెంట్ కింద ఫీజంతా వచ్చేది. మీ అమ్మాయి ర్యాంకుకు ఏడాదికి 35 వేలే. నాలుగేళ్లకు లక్షా 40 వేలు తీసేస్తే మీ చేతి నుంచి పోయేది 9 లక్షల 35 వేలు.

ఆ 35 వేలు కూడా సమయానికి వస్తాయని నమ్ముకోవద్దు. రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఏళ్ల తరబడి నిలిచిపోవడం, బాకీ తీరేదాకా కాలేజీలు సర్టిఫికెట్లు ఇవ్వకపోవడం తెలంగాణలో మామూలైపోయింది. చివరి రెండేళ్లవీ కలిపి 70 వేలు విడిగా ఉంచుకోండి. లేకపోతే ఉద్యోగంలో చేరే రోజున ఒరిజినల్ మెమోలు కాలేజీ బీరువాలో ఉంటాయి. ఇంకో చిన్న జాగ్రత్త. ఆదాయ ధ్రువపత్రం పల్లెలో లక్షన్నర, పట్టణంలో 2 లక్షల లోపు ఉండాలి. అమ్మాయి ఆధార్, టెన్త్ మెమోల్లో పేరు స్పెల్లింగ్ ఒక్క అక్షరం తేడా ఉన్నా దరఖాస్తు ఆగుతుంది. అది ఇప్పుడే సరిచేయించండి.

ఇంటి దగ్గర ఈసీఈ అయితే ఫీజు 2 లక్షల 20 వేలు, బస్సుకు లక్ష, ల్యాప్‌టాప్ 55 వేలు, పుస్తకాలూ పరీక్షలూ 60 వేలు. 4 లక్షల 35 వేలలో రీయింబర్స్‌మెంట్ పోతే 2 లక్షల 95 వేలు. అంటే రెండింటి మధ్య తేడా 6 లక్షల 40 వేలు. బయోమెడికల్ అన్న పేరుకు మీరు కట్టే అసలు ధర ఇదే. ఈ ధరకు తగినది తిరిగొస్తుందా అన్నదే మనం తేల్చుకోవాల్సింది.

జీతం విషయంలో మీ తమ్ముడు అబద్ధం చెప్పలేదు. హైదరాబాద్ ఆసుపత్రుల్లో కొత్తగా చేరే బయోమెడికల్ ఇంజినీరుకు నెలకు 15 నుంచి 22 వేల మధ్య ఇస్తారు. ఎందుకింత తక్కువో తెలిస్తే దాన్నుంచి తప్పించుకునే దారి కూడా తెలుస్తుంది.

మీ అమ్మాయి మనసులో ఉన్నది వెంటిలేటర్ కదా, దాన్నే తీసుకుందాం. ఆసుపత్రి ఇంజినీరు ఒక వెంటిలేటర్‌ను మూడు నెలలకో ఆరు నెలలకో ఇలా పరీక్షిస్తారు. రోగి లేనప్పుడు గొట్టాల చివర రబ్బరు తిత్తి లాంటి టెస్ట్ లంగ్ తగిలిస్తారు. ఒక్కో శ్వాసకు 500 మిల్లీలీటర్లు పెట్టి, తిరిగొచ్చే గాలి ఎంతో చూస్తారు. 430 మాత్రమే చూపిస్తే మూడు అనుమానాలు. గొట్టం ఎక్కడో లీకవుతోంది, లేదా గాలి బయటికి వదిలే వాల్వులో పొర సరిగా కూర్చోలేదు, లేదా ఫ్లో సెన్సర్ తడిసి తప్పు చెబుతోంది. ఒక్కోటీ మార్చి చూస్తేగానీ తేలదు. తర్వాత ఆక్సిజన్ సెల్. చాలా వెంటిలేటర్లలో ఇది చిన్న బ్యాటరీ లాంటిది, మిషన్ వాడినా వాడకపోయినా లోపలి రసాయనం అరిగిపోతూనే ఉంటుంది. మామూలు గాలిలో 21 శాతం చూపిస్తుందా, నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే నూరు చూపిస్తుందా అని సరిచూస్తారు. అరిగిపోయిన సెల్ ఉన్న మిషన్ 60 శాతం ఇస్తున్నానని చూపించి వేరేది ఇవ్వొచ్చు. డాక్టరు ఆ అంకెనే నమ్మి మందు మారుస్తారు. ఆ తర్వాత సేఫ్టీ ఎనలైజర్‌తో కరెంటు లీకేజీ చూస్తారు. గుండెకు నేరుగా తగిలే భాగాలున్న పరికరాల్లో మామూలు స్థితిలో రోగికి చేరే లీకేజీ 10 మైక్రో ఆంపియర్లు దాటకూడదు. అంతా అయ్యాక స్టిక్కరు అంటించి, తేదీ వేసి, రిజిస్టరులో ఎక్కిస్తారు. ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ నుంచి తనిఖీకి వచ్చినవాళ్లు మొదట అడిగేది ఆ రిజిస్టరే.

పని ఎంత బాధ్యత గలదో చూశారు కదా. మరి జీతమెందుకు పెరగదు? వెంటిలేటర్ లోపల బోర్డు పోతే ఆసుపత్రి ఇంజినీరు దాన్ని విప్పలేరు. సర్వీసు సాఫ్ట్‌వేర్, పాస్‌వర్డు, విడిభాగాలు కంపెనీ చేతిలో ఉంటాయి. ఎంఆర్‌ఐ, సీటీలైతే సరేసరి. కాబట్టి ఆసుపత్రివాళ్లు పెద్ద డబ్బు కంపెనీ మెయింటెనెన్స్ కాంట్రాక్టుకు కడతారు, లోపలి ఇంజినీరును తొలి చికిత్స చేసే మనిషిగానే చూస్తారు. ఆ తొలి చికిత్స డిప్లొమా చదివినవాళ్లూ చేయగలరు. మీ అమ్మాయి బీటెక్‌కు డిప్లొమా జీతం పడేది అక్కడే. ప్రభుత్వాసుపత్రుల్లోనూ అంతే. 2015లో జాతీయ ఆరోగ్య మిషన్ కింద పరికరాల నిర్వహణ కార్యక్రమం మొదలయ్యాక చాలా రాష్ట్రాల్లో ఆ పని ప్రైవేటు ఏజెన్సీలకు వెళ్లింది. ఇంజినీర్లు ఆ ఏజెన్సీల కింద కాంట్రాక్టు మీద పనిచేస్తారు. పర్మినెంటు పోస్టులు బహు కొద్ది.

ఆసుపత్రి ఉద్యోగం పనికిరానిదని మేం చెప్పడం లేదు. ఒకటి రెండేళ్లు అక్కడ చేసినవారికి వార్డులో ఏ మిషన్ ఎలా చెడుతుందో తెలుస్తుంది, ఆ తెలివి తర్వాత ప్రతి ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది. కానీ అక్కడే ఐదేళ్లు ఉండిపోతే 30, 40 వేల దగ్గర బండి ఆగిపోతుంది. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలో విభాగాధిపతి స్థాయికి వెళితే అంతకు రెట్టింపు దాటొచ్చు, కానీ ఆ కుర్చీ ఒక ఆసుపత్రికి ఒకటే.

డబ్బు ఎక్కువున్న తలుపులు వేరే ఉన్నాయి. మొదటిది కంపెనీ సర్వీసు. ఇందులో కంపెనీ వేరు, డీలరు వేరు. జీఈ, సీమెన్స్, ఫిలిప్స్ వంటి కంపెనీలు నేరుగా తీసుకుంటే ఏడాదికి 4 నుంచి 6 లక్షలతో మొదలవుతుంది, మిషన్ లోపలిదాకా శిక్షణ ఇస్తారు, ఆ శిక్షణే అసలు ఆస్తి. డీలరు దగ్గరైతే 20 వేల చుట్టూ మొదలవుతుంది, ప్రయాణ భత్యం విడిగా ఉంటుంది. పొద్దున వరంగల్, మధ్యాహ్నం కరీంనగర్, రాత్రి పదింటికి ఐసీయూ నుంచి ఫోను. ఆడపిల్లలు చేయలేరని ఎవరైనా అంటే పట్టించుకోకండి, చేస్తున్నవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ రాత్రి ప్రయాణాలు ఎలా ఏర్పాటు చేస్తారో చేరే ముందే అడిగి తెలుసుకోవాలి. ఈ తోవలోనే అప్లికేషన్ స్పెషలిస్టు అని ఇంకో ఉద్యోగం ఉంది. అల్ట్రాసౌండ్, డయాలిసిస్ లాంటి మిషన్లు కొన్న ఆసుపత్రికి వెళ్లి డాక్టర్లకూ టెక్నీషియన్లకూ వాడకం నేర్పడం. ఇంగ్లిషులో నదురుబెదురు లేకుండా మాట్లాడగలిగితే మంచి పెరుగుదల ఉంటుంది.

రెండోది రెగ్యులేటరీ, క్వాలిటీ, అంటే పరికరాల అనుమతులూ నాణ్యతా చూసే పని. దీన్ని గురించి కాలేజీల్లో తక్కువ చెబుతారు, మేం ఎక్కువ చెప్పదలిచాం. మన దేశంలో మెడికల్ డివైజెస్ రూల్స్ 2017లో వచ్చాయి, 2018 జనవరి నుంచి అమల్లోకొచ్చాయి. పరికరాలను ప్రమాదాన్ని బట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు చేశారు. ఏ తరగతిలో కొన్ని మినహాయింపులు పోగా, ఏ, బీ తరగతులకు 2022 అక్టోబరు నుంచి, సీ, డీ తరగతులకు 2023 అక్టోబరు నుంచి లైసెన్సు తప్పనిసరైంది. అంతకు ముందు లైసెన్సు ఊసే లేకుండా పరికరాలు తయారుచేసిన చిన్న కంపెనీలు సైతం ఇప్పుడు పరికరం వివరాలన్నీ ఉండే డివైజ్ మాస్టర్ ఫైలు రాయాలి, ప్రమాద విశ్లేషణ చూపాలి, పరీక్ష నివేదికలు పెట్టాలి. ఆ కాగితం రాయడానికి మిషన్ ఎలా పనిచేస్తుందో, శరీరంలో ఏం చేస్తుందో రెండూ తెలిసిన మనిషి కావాలి. బయోమెడికల్ చదువుకు ఈసీఈ కంటే నిజంగా విలువ పలికే చోటు ఇదే. మొదలు 3 నుంచి 4 లక్షలే అయినా ఐదారేళ్లలో 8, 10 లక్షలకు వెళ్లేవాళ్లున్నారు. ఐఎస్ఓ 13485 అంటే నాణ్యతా వ్యవస్థ, 14971 అంటే రిస్కు, ఐఈసీ 60601 అంటే విద్యుత్ భద్రత, 62304 అంటే సాఫ్ట్‌వేర్. ఈ నాలుగు ప్రమాణాలు ఏం అడుగుతాయో మూడో సంవత్సరంలోనే చదువుకున్న పిల్ల ఇంటర్వ్యూలో వేరుగా కనిపిస్తుంది. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కు, విశాఖలోని మెడ్‌టెక్ జోన్, రెండూ ఈ పని ఉన్న చోట్లే.

మూడోది డిజైన్, టెస్టింగ్. హైదరాబాద్‌లో మెడ్‌ట్రానిక్ ఇంజినీరింగ్ కేంద్రం, బెంగళూరులో ఫిలిప్స్, సీమెన్స్, జీఈ కేంద్రాలు ఉన్నాయి. జీతాలు బాగుంటాయి. అయితే అక్కడ డిగ్రీ పేరు చూడరు, ఎంబెడెడ్ సీ, పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాషలు వచ్చా, టెస్టు ప్రొటోకాల్ రాయగలవా అని చూస్తారు. ఈసీఈ, సీఎస్ఈ, మెకానికల్ పిల్లలతోనే పోటీ.

ఇక్కడే ఈ కోర్సుకున్న బలహీనత బయటపడుతుంది. సిలబస్‌లో అనాటమీ, ఫిజియాలజీ, సర్క్యూట్లు, సిగ్నల్స్, మెడికల్ ఇమేజింగ్, బయోమెటీరియల్స్, బయోమెకానిక్స్ అన్నీ ఉంటాయి, అన్నీ కొంచెం కొంచెమే ఉంటాయి. ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఈ పిల్లను, ఇంప్లాంట్ల కంపెనీ మెకానికల్ పిల్లను ముందు పిలుస్తుంది. మూడో ఏడు మొదలయ్యేసరికి ఏదో ఒకదాంట్లో లోతుకు దిగనివాళ్లు చివరికి ఐటీ కంపెనీ మాస్ రిక్రూట్‌మెంట్‌కో, మెడికల్ కోడింగ్‌కో వెళుతున్నారు. మెడికల్ కోడింగ్ అంటే రోగుల రికార్డులను బిల్లుల కోసం కోడ్‌లుగా మార్చడం, అది చెడ్డ ఉద్యోగం కాదు, కానీ దానికి ఏ లైఫ్ సైన్స్ డిగ్రీ అయినా చాలు. దానికోసం 9 లక్షలు పెట్టక్కర్లేదు. ప్రభుత్వరంగ సంస్థల నోటిఫికేషన్లలో కూడా అర్హత దగ్గర ఎక్కువగా ఈసీఈ, ఈఈఈ, మెకానికల్ అనే ఉంటుంది. బయోమెడికల్ పేరు లేక దరఖాస్తే చేయలేని పరిస్థితి చాలాసార్లు వస్తుంది.

అమెరికా లక్ష డాలర్ల మాట. ఆ అంకె నిజమే. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ లెక్కలో 2023లో బయోమెడికల్ ఇంజినీర్ల మధ్యస్థ జీతం ఏడాదికి 1,00,730 డాలర్లు. యూనివర్సిటీ వాళ్లు చెప్పనివి రెండున్నాయి. ఒకటి, దేశం మొత్తంలో ఆ ఉద్యోగాలు సుమారు 20 వేలే. అక్కడ సాఫ్ట్‌వేర్ డెవలపర్లు 16 లక్షలకు పైనే. ఇదే సంస్థ ఒకప్పుడు, 2008 నుంచి 2018 లోపు ఈ ఉద్యోగాలు 72 శాతం పెరుగుతాయని, 16 వేల నుంచి 27,600కు చేరతాయని అంచనా వేసింది. పదేళ్లు గడిచాక చూస్తే 20 వేల దగ్గరే ఉన్నాయి. ఆ 72 శాతం అన్న మాటను పట్టుకుని అక్కడా ఇక్కడా ఎన్ని బ్రోచర్లు అచ్చయ్యాయో, ఎందరు పిల్లలు చేరారో. రెండోది, మన ఆసుపత్రుల్లో బయోమెడికల్ ఇంజినీరు చేసే రిపేరు, క్యాలిబ్రేషన్ పనిని అక్కడ రెండేళ్ల కోర్సు చదివిన టెక్నీషియన్లు చేస్తారు, వాళ్ల జీతం వేరే పట్టీలో ఉంటుంది. లక్ష డాలర్లు డిజైన్, పరిశోధన చేసేవాళ్లవి, వాళ్లలో చాలామందికి మాస్టర్స్ ఉంటుంది. అక్కడ ఎంఎస్‌కు 40 లక్షల పైమాటే, తర్వాత చదువయ్యాక పనిచేయనిచ్చే మూడేళ్ల ఓపీటీ అనుమతి మీద ఉద్యోగం, ఆపైన హెచ్1బీ లాటరీ. ఈ 20 వేల ఉద్యోగాల్లోకి అన్ని గండాలు దాటి వెళ్లాలి. మీ ఇంటి పరిస్థితిలో ఆ ఆశ మీద ఇవాళ ఒక్క రూపాయి కూడా పెట్టకండి. నాలుగేళ్ల తర్వాత అమ్మాయి తన మార్కులతో, తన జీతంతో ఆలోచించుకోవచ్చు.

మరి హైదరాబాద్ బయోమెడికలా, ఇంటి దగ్గర ఈసీఈనా? అప్పు మొదటి ఉద్యోగంలో చేతికొచ్చే రెండేళ్ల జీతాన్ని మించకూడదని మేం చెబుతుంటాం. నెలకు 20 వేలనుకుంటే రెండేళ్లకు 4 లక్షల 80 వేలు. చీటీ 4 లక్షలు, 5 లక్షల లోను, మిగతా 35 వేలు మీరు సర్దుకోగలిగితే హైదరాబాద్ సీటు ఆ హద్దును 20 వేలు మాత్రమే దాటి అంచున నిలుస్తుంది. కానీ 5 లక్షలను అలా వదిలేస్తే ఐదో ఏడు చివరికి 6 లక్షల 84 వేలవుతుంది, కిస్తీ 9,200 పడుతుంది. చదువుతున్నప్పుడే వడ్డీ కట్టుకుంటూ వస్తే మొదటి ఏడాది నెలకు సుమారు 1,100, నాలుగో ఏడాదికి 4,400 దాకా పెరుగుతుంది, అసలు 5 లక్షల దగ్గరే ఆగి, కిస్తీ 6,750కి దిగుతుంది. మీ కుట్టుపని డబ్బులో ఆ వడ్డీ మేరకు పక్కకు తీయగలరా అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. లోను అడిగేటప్పుడు కేంద్ర వడ్డీ రాయితీ పథకానికి మీ ఆదాయం అర్హమవుతుందా, ఆ కాలేజీకి న్యాక్ గానీ, ఆ బ్రాంచికి ఎన్‌బీఏ గానీ ఇచ్చిన నాణ్యతా గుర్తింపు ఉందా అని మేనేజరును తప్పక అడగండి. ఆ రాయితీ దొరికితే చదివినంతకాలం వడ్డీ బాధే ఉండదు.

మా సలహా అమ్మాయి స్వభావం మీద ఆధారపడి ఉంటుంది. ఆమెకు నచ్చింది మిషన్ లోపలి సర్క్యూటా, లేక ఆసుపత్రి వాతావరణమా? సర్క్యూటే అయితే ఈసీఈ తీసుకోవచ్చు, ఏ తలుపూ మూసుకోదు. వైద్య పరికరాల కంపెనీలు ఈసీఈ పిల్లలను తీసుకుంటాయి. తర్వాత గేట్ రాసి ఐఐటీ హైదరాబాద్‌లోనో ఇంకో చోటో బయోమెడికల్‌లో ఎంటెక్ చేయొచ్చు. గేట్‌తో చేరినవాళ్లకు నెలకు 12,400 స్టైపెండు వస్తుంది, రెండేళ్లకు దాదాపు 3 లక్షలు. 2020 నుంచి గేట్‌లో బయోమెడికల్‌కు విడిగా పేపరు కూడా ఉంది. ఇబ్బంది ఏమిటంటే, మీ దగ్గరి కాలేజీలో ల్యాబులూ పాఠాలూ నీరసంగా ఉంటే గేట్‌కు మొత్తం సొంతంగానే చదవాలి, అందరూ అది చేయలేరు. మీ అమ్మాయి ఇంటర్‌లో కోచింగు లేకుండా లెక్కలు తనంతట తాను చేసుకున్న రకమైతే చేయగలదు. శరీరమూ మిషనూ రెండూ కలిసిన చోటే ఆమె కళ్లు మెరుస్తాయంటే, చదవగా చదవగా రెగ్యులేటరీ వైపో సర్వీసు వైపో వెళతానంటే, హైదరాబాద్ బయోమెడికల్ తీసుకోండి, 9 లక్షల 35 వేలకు ఒక్క రూపాయి ఎక్కువ పెట్టకుండా.

తేల్చుకోవడానికి రెండు పనులు చేయండి. ఖమ్మంలో ఏదైనా పెద్ద ఆసుపత్రిలో బయోమెడికల్ విభాగం ఉంటుంది, నేలమాళిగలోనో వెనక స్టోరు పక్కనో. అనుమతి అడిగి అమ్మాయిని రెండు మూడు రోజులు అక్కడ కూర్చోబెట్టండి. చెడిపోయిన బీపీ మిషన్ గొట్టాలు, రక్తం మరకలున్న ప్రోబులు, నర్సుల అరుపులు చూశాక కూడా రేపు మళ్లీ వస్తానంటే అది నిజమైన ఇష్టం. రెండోది, హైదరాబాద్ కాలేజీకి వెళ్లి ల్యాబు చూపించమనండి. సేఫ్టీ ఎనలైజర్, డీఫిబ్రిలేటర్ ఎనలైజర్, పేషెంట్ సిమ్యులేటర్ ఉన్నాయా, వాటిని ఆన్ చేసి చూపించగలరా? కవరు దుమ్ము పట్టి, ఛార్జరు ఎక్కడుందో ల్యాబ్ అసిస్టెంటుకు తెలియకపోతే ఇంకేం అడగక్కర్లేదు. ఎన్‌బీఏ గుర్తింపు కాలేజీకి కాదు, బయోమెడికల్ బ్రాంచికి ఉందా అని అడగండి. ప్లేస్‌మెంట్ పట్టికలో అత్యధిక ప్యాకేజీ వదిలేసి, నిరుడు ఆ బ్రాంచిలో పాసైన 60 మందిలో ఎందరు వైద్య పరికరాల కంపెనీలకు వెళ్లారు, ఎందరు ఐటీకి వెళ్లారు, ఎందరికి ఏమీ రాలేదు అని అడగండి. 3 లక్షల ప్యాకేజీ అంటే పీఎఫ్, ఇన్సూరెన్సు, గ్రాట్యుటీ పోగా చేతికొచ్చేది 21, 22 వేలే అని గుర్తుంచుకోండి. ఆఖరి ఏడాది పిల్లలను హాస్టలు దగ్గర పట్టుకుని అడిగితే ఆఫీసులో చెప్పనివి చెబుతారు.

బయోమెడికల్‌లో చేరితే ఎక్కడ జారిపడతారో కూడా చెప్పాలి. మూడో సెమిస్టరులో సిగ్నల్స్, నెట్‌వర్క్ థియరీ వస్తాయి. బైపీసీ నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువగా అక్కడే బ్యాక్‌లాగు తెచ్చుకుంటారు, మీ అమ్మాయికి ఎంపీసీ ఉంది కనుక ఆ భయం తక్కువ. రెండో ఏడు సెలవుల్లో గుండె సంకేతాలను పట్టే ఏడీ8232 చిప్ ఉన్న చిన్న బోర్డు, ఆర్డునో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు కొని ఈసీజీ తీయమనండి. రెండూ కలిపినా పెద్ద ఖర్చు కాదు. మొదటిసారి తెర మీద గీత సన్నగా రాకుండా వెంట్రుకలు మొలిచినట్టు వస్తుంది. అది ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ గోల. చర్మం మీద ఎలక్ట్రోడ్ జెల్ ఎండిందా, తీగ తెగిందా, పక్కన ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉందా అని ఒక్కోటీ చూసి తగ్గించడం నేర్చుకుంటే అదే పాఠం. ఫిల్టర్ పెట్టేసి గీతను అందంగా చేయడం తేలికే, కానీ ఆసుపత్రిలో అలా చేస్తే పిన్నులో ఎర్త్ లేని సంగతి దాగిపోతుంది. ఒక్క మాట గట్టిగా చెప్పండి. ఒంటికి ఎలక్ట్రోడ్లు అంటించుకున్నప్పుడు ల్యాప్‌టాప్ ఛార్జరు గోడ నుంచి పీకేసి, బ్యాటరీ మీదే నడపాలి. ఆరో సెమిస్టరు తర్వాత వేసవిలో ఆరు వారాలు ఆసుపత్రిలో గానీ కంపెనీ సర్వీసు విభాగంలో గానీ ఇంటర్న్‌షిప్ చేయాలి. డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ ఇచ్చే సంస్థల జోలికి పోవద్దు.

వెబ్ ఆప్షన్లలో పైన పెట్టిన సీటు వస్తే కిందిది రాదు. కాబట్టి ఆ రెండు మూడు రోజులు ఆసుపత్రిలో కూర్చున్నాక, ల్యాబు చూసొచ్చాక, ఏది పైన ఉండాలో అమ్మాయి చేతే కాగితం మీద రాయించి, ఆ వరసలోనే పెట్టి ఫ్రీజ్ చేయండి. తమిళనాడు వాళ్లు సీటు బ్లాక్ చేయడానికి అడ్వాన్సు అడుగుతారు, పంపకండి.